పదకొండు జేబుల అంగీ

ఆ ఆదివారానికి ఓబిలేష్ వేసుకున్న ప్రణాళిక చాలా చిన్నది. పొద్దున్నే ఉగ్గాని, మిరపకాయ బజ్జీలు తినాలి. తిన్నాక పడుకోవాలి. లేచాక బజ్జీలు మిగిలి ఉంటే వాటి సంగతి కూడా చూడాలి. వారానికి ఆరు రోజులు పామిడిలో చొక్కాలు కుట్టే షెడ్డులో మిషను ముందు నడుము వంచేవాడికి ఏడో రోజున ఇంతకు మించిన ఆశలు ఉండవు. అయితే తానొకటి తలిస్తే దైవమొకటి తలుస్తుందని పెద్దలు ఊరికే అనలేదు. ఓబిలేష్ వరకు ఆ దైవం పేరు కదిరప్ప. అంటే వాళ్ళ నాయన. ముదిగుబ్బ పక్కన పల్లెలో కూతురింట్లో ఉంటూ, డెబ్బై తొమ్మిదేళ్ళ వయసులోనూ రోజూ గొర్రెల్ని తోలుకుపోయే మనిషి. ఓబిలేష్ మొదటి బజ్జీ కొరికాడో లేదో, ఆయన దగ్గర్నుంచి ఫోను వచ్చింది.

"రేయ్ ఓబిలేసూ! వచ్చే ఆదివారానికి నాకొక అంగీ కావల్లరా."

"దానికేమి నాయనా. ఈడ అంగట్లో మంచిది చూసి తెస్తాలే."

"అంగట్లోది ఎవనికి కావల్ల? నువ్వు కుట్టింది కావల్ల. నీ చేత్తో నువ్వు కుట్టింది."

కొరికిన బజ్జీ లోపలికీ పోలేదు, బయటికీ రాలేదు.

సంగతేమిటంటే, వచ్చే ఆదివారం ముదిగుబ్బలో గొర్రెల కాపరుల సంఘం సభ పెట్టుకుంది. ఇప్పటికీ మంద వెంట నడుస్తున్నవాళ్ళలో అందరికన్నా పెద్దవాడని కదిరప్పకు శాలువా కప్పి ఫోటో తీస్తారట. అంతవరకు బాగానే ఉంది. కానీ మొన్న సంతలో కొండప్ప అడ్డం తగిలాడు. కొండప్పకూ కదిరప్పకూ చిన్నప్పటినుంచీ ఒకరితో ఒకరు మాట్లాడకపోతే తోచదు, మాట్లాడితే పోట్లాడకుండా ముగియదు. కొండప్ప కొడుకు బెంగుళూరులో ఉద్యోగం చేస్తూ నాయనకు అక్కడి మాల్‌లో కొత్త అంగీ కొని పంపాడు. దాని గురించి కొండప్ప సంతంతా చెప్పుకు తిరుగుతుంటే కదిరప్పకు ఒళ్ళు మండింది. "కొనేది ఎవుని కొడుకైనా కొంటాడు. నా కొడుకు కుడతాడు" అన్నాడు.

"కుడతాడు కుడతాడని ఇరవై ఏండ్లుగా చెప్తాండావు. నీకొక్క అంగీ కుట్టిచ్చినాడా ఎప్పుడన్నా?" అని కొండప్ప పదిమందిలో అడిగేశాడు.

ఆ ప్రశ్నకు కదిరప్ప దగ్గర జవాబు లేదు. జవాబు లేనప్పుడు ఆయన పందెం కాస్తాడు. సభ రోజుకు కొడుకు చేత్తో కుట్టిన అంగీ తొడుక్కుని రాకపోతే సూరిగాణ్ణి కొండప్ప మందలోకి తోలేస్తానన్నాడు. తొడుక్కుని వస్తే కొండప్ప ఒక రోజంతా కదిరప్ప గొర్రెల్ని మేపాలి. సూరిగాడంటే పొట్టేలు. వాడు పుట్టిన రోజే తల్లి చచ్చిపోతే కదిరప్ప సీసాతో పాలు పట్టి పెంచాడు. ఆ ఇంట్లో వాడికున్న మర్యాద ఓబిలేష్‌కు కూడా లేదు.

"ఏంది నాయనా, సూరిగాణ్ణి పెట్టి పందెం కాసినావా?"

"నువ్వుండావు కదరా. నాకేం బయం?" అన్నాడు కదిరప్ప.

ఇక్కడ ఓబిలేష్ ఉద్యోగం గురించి ఒక మాట చెప్పుకోవాలి. అతనికి చొక్కా కుట్టడం రాదు. ఆ షెడ్డులో ఎవరికీ రాదు. ఒకరు కాలర్లు కుడతారు, ఒకరు చేతులు, ఒకరు కాజాలు, ఒకరు గుండీలు. ఎవరి ముక్క వాళ్ళది. చివరికి అన్నీ ఒకచోట చేరి చొక్కా అవుతుంది. ఓబిలేష్ వాటాకు వచ్చింది జేబు. పద్దెనిమిదేళ్ళుగా అతను కుట్టినవన్నీ జేబులే. కళ్ళు మూసుకుని కూడా కుట్టగలడు. కుట్టాక జేబు ఎడమ పైమూలన, గట్టిగా ఉంటుందని ఒక చిన్న ఏటవాలు కుట్టు వేయడం మొదటి రోజునుంచీ అతని చేతికి అలవాటు. సూపర్‌వైజరు రెండు మూడుసార్లు తిట్టాడు, కొనేవాళ్ళెవరూ పట్టించుకోవడం లేదని తెలిశాక తిట్టడం మానేశాడు.

ఊళ్ళో మాత్రం కదిరప్ప "మా వోడు పామిడిలో పెద్ద టైలరు" అని చెప్పుకుంటాడు. ఆ మాట మొదటిసారి చెవిన పడ్డప్పుడే ఓబిలేష్ నిజం చెప్పి ఉండాల్సింది. నాయన మొహంలో గర్వం చూసి నోరు రాలేదు. తర్వాత చెబుదామనుకున్నాడు. ఆ తర్వాతకు పద్దెనిమిదేళ్ళు నిండాయి.

"సరే నాయనా" అన్నాడు ఓబిలేష్. "రేపు టేపు తీసుకోనొచ్చి కొలతలు చూసుకుంటా."

"టేపా? ముసలోణ్ణి నిలువునా కొలిచేది ఒక్కతూరే రా, గుంత తవ్వేటప్పుడు. దానికింకా టైముండాది. నేనే సూరిగాని తాడు పెట్టి కొల్చుకున్నా, రాసుకో. ఎదురొమ్ము చుట్టూ రెండు మూరల బెత్తెడు. పొడుగు మూరన్నర. చెయ్యి మూర మింద బెత్తెడు. మెడ జానన్నర. రాసుకున్నావా?"

ఓబిలేష్ బజ్జీలు చుట్టి తెచ్చిన కాగితం మీదే రాసుకున్నాడు. వంటింటి గుమ్మంలో నిలబడి అంతా విన్న అతని భార్య చౌడేశ్వరి, ఉన్నమాట మొహాన అనేసే మనిషి.

"మామకు నిజం చెప్పేస్తే పోలా?"

"సూరిగాడు పోతాడే."

"అట్లయితే ఒకటి కొనుక్కొచ్చి, లేబుల్ పీకేసి ఇచ్చేయ్."

"కన్న నాయన్ని మోసం చెయ్యమంటావా?"

"పద్దెనిమిదేండ్లుగా టైలర్నని చెప్పించుకుంటాండావు. అదేమి మరి?"

ఓబిలేష్ మిగిలిన బజ్జీల వైపు కూడా చూడకుండా లేచిపోయాడు. ఇది ఎంత పెద్ద విషయమో చౌడేశ్వరికి అప్పుడు అర్థమైంది.

సోమవారానికి అతనికి ఒక ఉపాయం తట్టింది. చొక్కా ఎటూ నలుగురు కలిసి కుట్టేదే. తక్కినవాళ్ళను అడిగితే సరిపోతుంది. బజారులో తెల్లటి మంచి గుడ్డ కొని, మధ్యాహ్నం అన్నాల వేళ షెడ్డులో ముగ్గురిని పక్కకు పిలిచాడు. వీరేష్ చొక్కా బాడీ కత్తిరించి కుట్టేవాడు. రామాంజినమ్మ కాలర్లు కుడుతుంది. బయమ్మ చేతులు కుడుతుంది. సంగతి విని ముగ్గురూ కరిగిపోయారు.

"నాయనకు అంగీ అంటే కుట్టమా అన్నా? ఇట్ల తే" అంది రామాంజినమ్మ.

"ఎల్ సైజా, ఎక్సెల్లా?" అన్నాడు వీరేష్.

ఓబిలేష్ బజ్జీ కాగితం చూసి కొలతలు చదివాడు. షెడ్డులో అన్నీ అట్టముక్కల కొలతలే, ఎవరికీ టేపుతో పని పడదు. ఉన్న ఒక్క టేపూ సూపర్‌వైజరు సొరుగులో ఉంటుంది. సొంత పనికి దాన్ని అడిగితే ఎందుకు, ఎవరికి, ఎప్పుడు అని పంచాయితీ మొదలవుతుంది. అయినా మూర, జాన, బెత్తెడు తెలియని మనిషెవరు? ముగ్గురూ తలా ఒక గుడ్డముక్క చంకలో పెట్టుకుని వెళ్ళిపోయారు. ఓబిలేష్‌కు ఆ రెండు రోజులూ తన తెలివిని తనే మెచ్చుకోవడంతో గడిచిపోయాయి.

గురువారం అన్నాల వేళ ముక్కలన్నీ బల్లమీదికి వచ్చాయి. మొదట వీరేష్ బాడీ పరిచాడు. బల్లంతా నిండి, రెండు వైపులా కిందికి వేలాడింది.

"ఏమప్పా వీరేషూ, ఇది అంగీనా, డేరానా?"

"నువ్వు చెప్పిందే కదన్నా. రెండు మూరల బెత్తెడు. బాగా కొలిచినా."

తర్వాత రామాంజినమ్మ కాలరు తెచ్చింది. ఎంతో ముద్దుగా ఉంది. బారసాలలో బిడ్డకు తొడిగితే సరిగ్గా సరిపోతుంది. బయమ్మ తెచ్చిన చేతులు మోచేయి దాటి నాలుగు వేళ్ళ దూరం పోయి ఆగిపోయాయి. అంతే కాదు, రెండూ కుడిచేతులే.

"బయమ్మా, ఎడమచెయ్యి యాడ?"

"నాకు వచ్చేది కుడిచెయ్యే కదన్నా" అంది బయమ్మ, అందులో వింతేముందన్నట్టు. "ఎడమచెయ్యి కుట్టే ఆయమ్మ పుట్టింటికి పోయింది."

"అది సరే. ఇంత కురచైతే ఎట్ల? మూర మింద బెత్తెడని చెప్తి కదా!"

"మూరే ఇది. చూడు కావల్లంటే." బయమ్మ మోచేయి బల్లకు ఆనించి, వేళ్ళు చాపింది. తన పని తప్పు పడుతున్నారనుకుని వీరేష్ కూడా పక్కనే తన చేయి చాపాడు. రామాంజినమ్మ జానపెట్టి చూపించింది. ఆరడుగుల పైన ఉండే వీరేష్ చేయి, అతని భుజం దాకా కూడా రాని బయమ్మ చేయి, వక్కపలుకంత రామాంజినమ్మ జాన ఒకదాని పక్కన ఒకటి బల్లమీద కనిపించేసరికి ఓబిలేష్‌కు జరిగిందంతా అర్థమైంది. ఎవరూ తప్పు కొలవలేదు. ఎవరి చేతితో వాళ్ళు సరిగ్గానే కొలిచారు. నాయన కూడా నాయన చేతితో సరిగ్గానే కొలిచాడు. ఆ చేయి ఒక్కటే ముదిగుబ్బలో ఉంది.

గుడ్డ అయిపోయింది. అలాంటిదే మళ్ళీ కొన్నా, మళ్ళీ కుట్టేందుకు ఎవరికీ తీరిక లేదు, ఆ వారం షెడ్డుకు పెద్ద ఆర్డరు ఉంది. "ఏమీ కాదులే అన్నా, యాడన్నా కొంచెం సర్దుకో" అని ముగ్గురూ ఓదార్చి వెళ్ళిపోయారు. సర్దడం రాకనే కదా వాళ్ళ దగ్గరికి వచ్చాడు!

శుక్రవారం కరెంటు తీగల మరమ్మతని షెడ్డుకు సెలవిచ్చారు. ఓబిలేష్ పొద్దున్నే ఇంట్లో చిరుగులు కుట్టుకునే పాత తొక్కుడు మిషను ముందు కూర్చుని, రెండు చేతులూ జోడించి, పని మొదలుపెట్టాడు. బాడీ వెడల్పు తగ్గించాలని రెండు పక్కలా గుడ్డ మడిచి కుట్టాడు. మడతలు రెండూ మేక చెవుల మాదిరి బయటికి నిలబడ్డాయి. అవి కనిపించకుండా ఏం చేయాలో ఓబిలేష్‌కు తెలియలేదు. అతనికి తెలిసింది ఒక్కటే. ఒక్కో మడత మీద ఒక్కో జేబు కుట్టాడు. చూస్తే బాగానే ఉన్నట్టు అనిపించింది. అక్కడే కొంప మునిగింది. ఎక్కడ తప్పు జరిగినా జేబుతో కప్పేయవచ్చునని అతని చేతికి తెలిసిపోయింది.

మోకాళ్ళదాకా దిగిన అంచును పైకి మడిచి, మధ్యలో రెండు నిలువు కుట్లు వేసేసరికి అవి వాటంతటవే మూడు పెద్ద జేబులయ్యాయి. చేతులు చాలక కొసలకు వేరే గుడ్డ అతికించి, ఆ అతుకుల మీద చెరొక జేబు వేశాడు. చిన్నారి కాలరు మెడ చుట్టూ రాదు కాబట్టి దాన్ని వెనకవైపు మాత్రం అతికించి, ముందు మెడను వదిలేశాడు. కాలరు దగ్గర ఎక్కువైన గుడ్డను కత్తిరించబోతే కత్తెర జారి వీపు మధ్యలో ఇంత బొక్క పడింది. దాని మీద ఒక జేబు. ఎడమ రొమ్ము మీద మామూలు జేబు ఎటూ ఉంది. కనీసం ఇస్త్రీ చేస్తే మనిషి తొడుక్కునేదానిలా కనిపిస్తుందని చౌడేశ్వరి బొగ్గుల ఇస్త్రీపెట్టె తెచ్చి, పొయ్యిమీద పాలు పొంగుతున్నాయని పరుగెత్తి వచ్చేలోపల కుడి రొమ్ము మీద గోధుమరంగు మరక పడింది. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టయింది. మరక మీద ఇంకొక జేబు పడింది.

చివరగా లోపలివైపు, గుండె దగ్గర, ఒక చిన్న జేబు కుట్టాడు. అన్నిటిలోకీ అతను కావాలని కుట్టింది అదొక్కటే. నాయన ఆకువక్క సంచి బొడ్లో దోపుకుంటే ఎప్పుడూ జారిపోతుంటుంది.

చౌడేశ్వరి అంగీని ఎత్తి పట్టుకుని చూసింది. ముందు పెదవులు బిగబట్టింది. తర్వాత తిప్పి వీపువైపు చూసింది. ఇక ఆపుకోలేక నేలమీద కూర్చుని నవ్వింది. "పదకొండు! ఏమయ్యా, ఇది తొడుక్కుంటే మామను సంచులమ్మేటోడనుకుంటారు."

ఓబిలేష్ నవ్వలేదు. అతనికి నిజంగానే ఏడుపొచ్చింది. పద్దెనిమిదేళ్ళు దారంతో బతికిన మనిషి, నాయన నోరు తెరిచి అడిగిన మొదటి అంగీ కుట్టలేకపోయాడు. అది చూసి చౌడేశ్వరి నవ్వాపి, లేచి, మెల్లగా అంది: "పోనీలే. రేపు నేను అంగడికి పోయొస్తా. ఏమనొద్దు." అతను తలూపాడు.

శనివారం ఆమె తెల్లటి గుడ్డమీద సన్నని నీలం గీతలున్న రెడీమేడ్ అంగీ ఒకటి తెచ్చి, లేబుల్ జాగ్రత్తగా పీకేసింది. పదకొండు జేబుల అంగీని ఇంట్లో వదిలితే ఎవరి కంటైనా పడుతుందని, మామ తింటాడని చేసిన నిప్పట్ల డబ్బా కదలకుండా దాన్నే చుట్టి సంచిలో పెట్టింది.

ఆదివారం పొద్దున వాళ్ళు అనంతపురంలో బస్సు మారి, ముదిగుబ్బ చేరేసరికి సంఘం హాలు ముందు సందడిగా ఉంది. కదిరప్ప కొత్త పంచె కట్టుకుని, బనీను మీద తువ్వాలు వేసుకుని, అంగీ కోసమే ఎదురుచూస్తున్నాడు. ఒక చేతిలో సూరిగాని తాడు. ఇంకొక చేతి మడతలో తెల్లారుజామున పుట్టిన గొర్రెపిల్ల. తల్లి దగ్గరికి రానివ్వడం లేదని వెంట తెచ్చుకున్నాడట. కొడుకును చూడగానే ఆయన మొహం విప్పారింది.

"కుట్టినావారా?"

"కుట్టినా నాయనా" అన్నాడు ఓబిలేష్. అన్నాక నాలుక కొరుక్కోవాలనిపించింది.

కదిరప్ప గొర్రెపిల్లను కోడలి చేతికిచ్చి, అంగీ తొడుక్కున్నాడు. కుదిరింది. చేత్తో గుడ్డ నిమిరాడు. జేబు మీద బొటనవేలు పెట్టి ఎడమ మూలను తడిమాడు. "బాగుండాదిరా" అన్నాడు తర్వాత. అంతలో వెనకనుంచి కొండప్ప గొంతు వినిపించింది.

"ఏమప్పా కదిరప్పా! నా అంగీ నువ్వు తొడుక్కున్నావే!"

అందరూ తిరిగి చూశారు. కొండప్ప ఒంటిమీద తెల్లటి గుడ్డ, సన్నని నీలం గీతలు. అవే గుండీలు, అదే కాలరు. ఇద్దరు ముసలాళ్ళూ పక్కపక్కన నిలబడితే బడిపిల్లల యూనిఫారంలా ఉంది. జనం గొల్లుమన్నారు.

"కొడుకు కుట్టినాడా? ఇది నా కొడుకు బెంగుళూరు మాల్‌లో కొన్నదప్పా! నీ కొడుకు యాడ కొన్నాడో అడుగు. ఆ తాడిట్లియ్యి, సూరిగాణ్ణి తోలుకుపోతా."

కదిరప్ప కొడుకు వైపు చూశాడు. ఓబిలేష్‌కు ఇక దాచడానికి ఓపిక లేదు. పద్దెనిమిదేళ్ళ బరువు ఒక్కసారిగా దించేయాలనిపించింది.

"అది కొన్నదే నాయనా. నాకు అంగీ కుట్టేది రాదు. నేను టైలర్ను కాదు. షెడ్డులో జేబులు కుడతా. అప్పట్నుంచీ జేబులొక్కటే. నీకు చెప్పేదానికి మొగం చెల్లలేదు."

జనం ఇంకా దగ్గరికి జరిగారు. కదిరప్ప మాత్రం తువ్వాలు సర్దుకున్నాడు.

"అది నాకు తెలుసులేరా."

"తెలుసా?"

"నువ్వు పనిలో చేరిన ఏడే పచ్చి శెనక్కాయలు మూటగట్టుకొని పామిడికి వచ్చినా. కిటికీలోనుంచి చూసినా. నువ్వు తల ఎత్తకుండా కుడతాండావు. ఒకటైనాక ఒకటి, అన్నీ జేబులే. పిలిస్తే పని చెడిపోతాదని మూట ఇంటికాడ పెట్టేసి బస్సెక్కినా. ఇన్ని జేబులు కుట్టేవోనికి ఒక్క అంగీ ఎంతలే అనుకున్నా." ఆయన రెండడుగులు వేసి కొండప్ప జేబు పట్టుకున్నాడు. "ఇట్ల రాప్పా నువ్వు. మా గొర్రెల చెవికి ఏం గంటుంటాది?"

"ఎడమ చెవికి, కొసన, ఏటవాలుగా" అన్నాడు కొండప్ప, సంగతేమిటో తెలియక. చుట్టుపక్కల పది ఊళ్ళ మందల గుర్తులు కాపరులందరికీ కంఠతా వచ్చు.

"ఇదేందో చూడు."

కొండప్ప తల వంచి తన జేబు చూసుకున్నాడు. ఎడమ పైమూలన, తెల్లదారంతో, చిన్న ఏటవాలు కుట్టు. చుట్టూ ఉన్న కాపరులు మెడలు చాచి చూశారు. ఎవరికీ విడమరిచి చెప్పనక్కర్లేదు.

"నువ్వు బెంగుళూరు నుంచి తెప్పించుకున్నా, నీ ఎదురొమ్ము మింద ఉండేది మా మంద గుర్తే" అన్నాడు కదిరప్ప. "నేను సంతకు పోయినప్పుడల్లా కొత్త అంగీ తొడిగినోని జేబు చూస్తా. మా వోడిది కనపడితే ఆ పొద్దంతా నాకు ఆకలి కాదు."

ఓబిలేష్ కూడా ముందుకు వంగి ఆ కుట్టు చూశాడు. చిన్నప్పుడు నాయన గొర్రెపిల్లల చెవులకు గంటు పెడుతుంటే తాను తల పట్టుకునేవాడు. ఆ గీత తన చేతికి ఎక్కడిదో అతను ఒక్కనాడూ ఆలోచించలేదు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి, తుడుచుకోవాలని కూడా తోచలేదు.

కొండప్ప మాత్రం తేరుకున్నాడు. పొట్టేలు ఆశ అంత తొందరగా చచ్చేది కాదు. "జేబు నీ కొడుకుదే అనుకుందాం. పందెం జేబు మింద కాదు కదప్పా. అంగీ మింద."

అది న్యాయమే. కదిరప్ప కాదనలేకపోయాడు. తాడు ముడి విప్పడానికి వంగాడు. ముడి విప్పకుండా సూరిగాని మెడ నిమురుతూ ఉండిపోయాడు. అది చౌడేశ్వరి చూసింది. చంకలో గొర్రెపిల్లతోనే గబగబా సంచి తెరిచి, నిప్పట్ల డబ్బా బయట పెట్టి, దానికి చుట్టిన అంగీని దులిపి పట్టుకుంది.

"ఇది ఆయన కుట్టింది మామా. బాగలేదని దాచిపెట్టినాం. వేరే ఎవరో కుట్టినారని అనేదానికి కూడా లేదు, దుడ్లిచ్చి ఇట్లాంటిది ఎవరూ కుట్టించుకోరు."

కొండప్ప అంగీని చేతిలోకి తీసుకున్నాడు. ఒక్కో జేబూ వెతికాడు. ముందు, పక్కన, చేతులకు, వీపుకు. ప్రతి జేబు మూలనా ఏటవాలు కుట్టు ఉంది. లోపలి జేబు దగ్గరికి వచ్చి ఆగిపోయాడు. "పదకొండు" అన్నాడు నీరసంగా. "అప్పా, ఇది అంగీ మాదిరి లేదే!"

"కొడుకు కుట్టిన అంగీ అనే కదా పందెం. బాగుండాలని ఎవరన్నా అన్నారా?" అని కదిరప్ప నీలం గీతల అంగీ విప్పి, జేబుల అంగీని తొడుక్కున్నాడు. కాలరు రామాంజినమ్మది, చేతులు బయమ్మవి అన్న సంగతి ఎవరూ అడగలేదు. ఆ రోజుకు చెప్పిన నిజాలు చాలనుకుని ఓబిలేష్ కూడా ఊరుకున్నాడు.

జనం మళ్ళీ నవ్వారు. కదిరప్ప వాళ్ళ నవ్వు లెక్కచేయకుండా సర్దుకోవడం మొదలుపెట్టాడు. ఫోను ఒక జేబులో, కళ్ళద్దాలు ఒక జేబులో, బీపీ మాత్రలు, సున్నం డబ్బీ, గొర్రెల మందు సీసా, తువ్వాలు. ఆకువక్క సంచి లోపలి జేబులో. వీపు జేబులో ఎవరో నీళ్ళసీసా పెట్టి చూశారు, కదలకుండా నిలబడింది. చివరికి కోడలి చేతిలోనుంచి గొర్రెపిల్లను తీసుకుని అంచు జేబులో దించాడు. అది రెండుసార్లు మెసిలి, తల బయటపెట్టి, వెచ్చగా పడుకుంది. నవ్వుతున్నవాళ్ళు ఒక్కొక్కరే ఆపేశారు. మంద వెంట పొద్దంతా రెండు చేతులూ నిండా మోసుకుని తిరిగే మనుషులు వాళ్ళు. ఆ ముసలాయన రెండు చేతులూ ఇప్పుడు ఖాళీగా ఉన్నాయి.

"ఇదేదో బాగుండాదే" అన్నాడు వెనకనుంచి ఒకాయన.

సంఘంవాళ్ళు కప్పిన శాలువాను కదిరప్ప వెంటనే మడిచి పక్క జేబులో పెట్టుకున్నాడు, అంగీ కనపడదని. ఫోటోలో ఆయన, గొర్రెపిల్ల తల, సూరిగాని కొమ్ములు పడ్డాయి. ఒక మూలన ఓబిలేష్ కూడా పడ్డాడు, కళ్ళు తుడుచుకుంటూ. మర్నాడు కొండప్ప మాట తప్పకుండా వచ్చి కదిరప్ప గొర్రెల్ని మేపాడు. ఆ రోజంతా సూరిగాడు అతన్ని కంపచెట్ల చుట్టూ తిప్పి తిప్పి చంపాడని, నీళ్ళసీసా ఎక్కడో జారిపోయి దాహంతో నాలుక పిడచకట్టుకుపోయిందని కదిరప్ప ఫోనులో చెప్పి పగలబడి నవ్వాడు.

మళ్ళీ ఆదివారం వచ్చింది. ఉగ్గాని వచ్చింది, బజ్జీలు వచ్చాయి. ఓబిలేష్ మొదటి బజ్జీ కొరికాడో లేదో, ఫోను మోగింది. ఈసారి కొండప్ప.

"ఏమప్పా టైలరూ, నాకూ అట్లాంటి అంగీ ఒకటి కావల్ల. మీ నాయనకు చెప్పొద్దు. రాసుకో. ఎదురొమ్ము రెండు మూరలు, పొడుగు మూరన్నర, జేబులు పన్నెండు."

ఓబిలేష్ బజ్జీ పక్కన పెట్టి, కాగితం అందుకున్నాడు.

"అన్నీ రాసుకుంటాగానీ మామా, ముందు ఒక్కటి చెప్పు. ఎవురి మూర?"